కొసరు వెలుగు

బోరంచలో మల్లీశ్వరి గిర్ని మీది స్లాబు చిన్నది. కింద పిండిమర ఒకటి, కారం పట్టే మర ఒకటి, గడప బయట గింజలు చెరుగుకోవడానికి ఒక అరుగు. మరలకు ఎంత కప్పు కావాలో అంతే వేయించింది. పడమటి పక్క వేపచెట్టు, దక్షిణాన పొరుగింటివాళ్ల పైగది. ఆ రెండింటి నీడా పడని జాగాలో ఆరు సోలార్ ప్లేట్లు పడతాయి. ఏడోది పట్టదు. స్లాబు పెద్దదై ఉంటే జీనత్‌కు ఆ ఊళ్లో పని ఉండేది కాదు.

జీనత్‌ది నారాయణఖేడ్. తండ్రి సత్తార్‌కు బస్టాండు దగ్గర మోటారు వైండింగ్ దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు, గిర్ని మోటార్లు విప్పి, నల్లబడిన రాగితీగ పీకేసి, కొత్తది చుట్టి ఇస్తాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ. దుకాణంలో మాత్రం తెలుగే. గిరాకీలు కూర్చుని ఉండగా వాళ్లకు తెలియని మాటల్లో మాట్లాడితే మోటారులో లేని రోగాన్ని చెప్పుకుంటున్నట్టు ఉంటుందని సత్తార్ పెట్టుకున్న నియమం అది. దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు కూడా తండ్రీకూతుళ్లు తెలుగులోనే మాట్లాడుకోవడం అలవాటైపోయింది.

జీనత్ ఐటీఐ చదివి, హైదరాబాదు అవతల సోలార్ సెల్లులు చేసే ఒక ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసింది. సెల్లు అంటే ప్లేటులో కనిపించే ఒక్కో గడి. అరచేతికంటే కొంచెం పెద్దది, అప్పడంకంటే పలచన. మొదట్లో ఆమె పని తయారైన సెల్లులను వేరు చేయడం. ఒక్కో సెల్లు దీపం కిందికి వచ్చి ఆగుతుంది. రెప్పపాటు వెలుగు పడుతుంది. పడిన వెలుగులో ఎన్ని పాళ్లు కరెంటు అయిందో తెరమీద అంకె వస్తుంది. ఆ అంకెను బట్టి సెల్లు ఏదో ఒక డబ్బాలోకి పోతుంది. కంటికి ఒకేలా కనిపించే సెల్లులు వేరువేరు డబ్బాల్లోకి ఎందుకు పోతున్నాయని ఆమె సూపర్వైజరు రమ్యను అడిగింది.

"దారిలో ఎంత పోగొట్టుకుందో దాన్నిబట్టి" అంది రమ్య.

తర్వాతి సంవత్సరాల్లో జీనత్ నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటకు వివరణే. ఎండ తగలగానే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు చోటు వదిలి లేస్తాయి. లేచినవన్నీ తీగదాకా చేరితే ఇక పేచీ లేదు. కానీ దారిలో ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పడిపోతాయి. పడిన దానివల్ల వేడి పుడుతుందే తప్ప కరెంటు రాదు. సెల్లుగా మారే సిలికాన్ పలక పైపొరలో అణువుల పట్టు తెగి ఉంటుంది కాబట్టి ఖాళీలు అక్కడే ఎక్కువ. వెండి గీతలు సిలికాన్‌ను నేరుగా తాకేచోట ఇంకా ఎక్కువ. పాత రకం పలకల్లో బోరాన్ కలిపేవాళ్లు. అది లోపలి ఆక్సిజన్‌తో జతకట్టి, ఎండలో పెట్టిన మొదటి రోజుల్లోనే కొంత కరెంటును మింగేది. కొత్తకుండ నీళ్లు పీల్చుకున్నట్టే.

ఆమె ఉండగానే ఫ్యాక్టరీలో పాత లైను తీసేసి కొత్తది పెట్టారు. కొత్త పలకల్లో బోరాన్‌కు బదులు భాస్వరం. పైభాగాన్ని మందులో ముంచి కంటికి కనిపించని గోపురాలు తేలేలా చేస్తారు. ఒక గోపురం మీద పడి చెదిరిన వెలుగు పక్క గోపురానికి తగులుతుంది, తప్పించుకుపోదు. అందుకే ఆ సెల్లు నల్లగా కనిపిస్తుంది. వెనకవైపున గాజులాంటి పొర ఒకటి ఎక్కిస్తారు, దానిమీద ఇంకో సిలికాన్ పొర. వెండి ఈ పై పొరను తాకుతుంది, అసలు పలకను తాకదు. పాత నీలం ప్లేట్లు నూరుపాళ్ల ఎండలో పదహారు, పదిహేడు పాళ్లు ఇచ్చేవి. ఇవి ఇరవై రెండు దాటాయి. ఒక్క సిలికాన్‌తో ముప్పైకి చేరడం కుదరదని లెక్క ముందే తేలిందని, మిగిలిన పోరాటమంతా ఆ మధ్యలోనేనని రమ్య చెప్పింది.

కొత్త యంత్రాలు సెల్లులను తామే ఎత్తి తామే వేరు చేసుకున్నాయి. జీనత్‌ను ప్యాకింగుకు మారమన్నారు. ఆమె నారాయణఖేడ్ వచ్చేసింది. ఇంట్లో సంబంధాల మాట ఎత్తడం అప్పటికే మానేశారు. ముందు ఎవరు మానేశారో ఎవరికీ గుర్తులేదు.

మల్లీశ్వరి మోటారు సత్తార్ దుకాణానికి మూడుసార్లు వచ్చింది. పొద్దున ఊళ్లో బోర్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే వోల్టేజి పడిపోతుంది, తిరగలేక మోటారు కాలుతుంది. అంతకుముందు ఎవరో ఆమె స్లాబు మీద ఆరు నీలం ప్లేట్లు పెట్టి చూశారు. మధ్యాహ్నం ఒక గంట తప్ప మర తిరగలేదు. వాటిని దింపుకుపోయారు.

"ఆరు నల్లవి పెడితే తిరుగుతది" అంది జీనత్.

"నల్లవి కాగుతయ్ బేటీ" అన్నాడు సత్తార్, తీగ చుడుతూనే. "నల్ల అంగీ ఏసుకొని ఎండల నిలబడి చూడు."

"అంగీ కరెంటియ్యది అబ్బా."

"ఇయ్యది గని, కాగుతది గదా."

"కరెంటుగ మారినంత ఇగ వేడెట్లయితది? నీలం దానికంటే దీంట్ల వేడయ్యేది తక్కువ. కాగినా గూడ నీలమంత పడిపోదు."

సత్తార్ తీగ తెంపి ముడివేశాడు. నమ్మినట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. ఆ ప్లేట్ల ఖరీదు ఎక్కువ. తెచ్చేది ఆయన పేరు మీద. మోటారు చుట్టినవాడిగా ఆయనకు చుట్టుపక్కల ఒక మాట ఉంది. అది ఎవరి ప్లేటుతోనో పోవడం ఆయనకు ఇష్టం లేదు.

"ఒక్క గిర్ని" అన్నాడు చివరికి. "నడిచిందా, మిద్దెల మీద ప్లేట్ల పని నీది. నేను అడ్డం రాను. నడవలేదా, మనం మోటార్లు చుట్టుకునేటోళ్లం. నువ్వు కౌంటర్ల కూసో."

"కూసుంట" అంది జీనత్.

కౌంటరు ఆమెకు తెలుసు. స్విచ్చులు, వైరు చుట్టలు, వచ్చినవాళ్లు "మీ నాయన లేడా" అని అడిగి ఆయన వచ్చేదాకా ఎదురుచూడటం. ఆ కుర్చీలో కూర్చుంటే లేవడం ఉండదని కూడా తెలుసు.

లెక్క ఆమే వేసింది. ఆరు ప్లేట్ల ముందువైపు నుంచి వచ్చేది గిర్నికి దాదాపు సరిపోతుంది, కొంచెం తగ్గుతుంది. కానీ ఈ ప్లేట్లకు వెనక కూడా అద్దమే. స్లాబు మీద పడి లేచే వెలుగును వెనకవైపు కూడా పట్టుకుంటాయి. స్లాబు తెల్లగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ. ముందు తగ్గినది వెనక పూడుతుంది. లెక్క సరిపోయింది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున జీనత్, అన్న అంజద్ కలిసి ప్లేట్లు బిగించారు. అంజద్ వెల్డింగ్ చేసి, స్టాండు నిలబెట్టి, వేరే పనికి పోయాడు. తీగలు కలిపే పని జీనత్ చేసుకుంది. మల్లీశ్వరి అత్త భీమమ్మ స్లాబు మీదే కూర్చుని, జొన్నలు చెరుగుతూ, ఆమెను చూస్తూ ఉంది.

"గింత ఖరీదు ఏముంది బిడ్డా దీంట్ల? అద్దమే గదా."

జీనత్ చేతిలో తీగ కింద పెట్టింది. ఫ్యాక్టరీలో ఎవరూ ఆమెను ఈ ప్రశ్న అడగలేదు.

"అవ్వా, కల్లం ఎందుకు అలుకుతరు?"

"అలకకపోతే గింజలన్నీ నెర్రెల పడవా? మాది నల్లరేగడి. ఏలు దూరేటంత నెర్రెలుంటయ్."

"దీంట్ల గూడ నెర్రెలుంటయ్. కంటికి కనబడయ్. ఎండ తగలంగనే కరెంటు గింజలు లేస్తయ్. లేసినయి తీగ దాకా ఉరకాలె. నెర్రెల పడితే పోయినట్టే. పాత ప్లేట్లకు అలుకు సక్కగ లేకుండె. వీటికి ఎనకంతా సన్నగ అలికిండ్రు."

"పేడతోనా?" అని మల్లీశ్వరి మెట్ల మీదనుంచి అడిగింది. మొహం మాత్రం మామూలుగానే పెట్టుకుంది.

"గాజు అనుకో."

భీమమ్మ చేట ఆపింది. "గాజుతోని మొత్తం అలికితే గింజ తీగకు ఎట్ల పోతది? అడ్డం కాదా?"

జీనత్ ఆమె వైపు తిరిగి కూర్చుంది. "ఎంట్రుకను యాభైవేల పొరలు చీరు. అండ్ల ఒక్క పొర ఎంతుంటదో గంతే సన్నగ అలికిండ్రు. గంత సన్నగుంటే గింజకు అది అడ్డం అనిపియ్యది, అవతలికి పోతది. పొట్టు మాత్రం ఆగుతది."

"జల్లెడ" అంది భీమమ్మ.

"అలుకూ అదే, జల్లెడా అదే."

భీమమ్మ తల ఊపి మళ్లీ చేట అందుకుంది. ఆ పూట జీనత్‌కు పని తేలిగ్గా సాగింది. మర తిరిగింది. మొదటి పిండి పట్టి మల్లీశ్వరి కళ్లకద్దుకుంది. కింద షేర్ ఆటో హారన్ కొడుతోంది. జీనత్ సామాను సంచి భుజాన వేసుకుని, మెట్లు దిగుతూ, వెనక్కి తిరిగి చెప్పింది.

"అవ్వా, ప్లేట్ల కింద సున్నం కొట్టుండ్రి. తెల్లగుంటే ఎనక నుంచి గూడ కరెంటొస్తది."

"కొడ్తం బిడ్డా. దసరా రానీ."

ఊరి మొదట్లో మొగులప్ప డీజిల్ గిర్ని ఉంది. సోలార్ గిర్ని మొదలైన నాటినుంచి ఆయన గడప దగ్గర కుర్చీ వేసుకుని ఆకాశం చూడటం మొదలుపెట్టాడు. ఆ పక్కల మొగులంటే మబ్బు. అటుగా గింజల సంచితో పోయే ఆడవాళ్లతో, "పోండ్రి పోండ్రి. మొగులు పట్టినరోజు మొగులప్పే దిక్కు" అనేవాడు. ఆడవాళ్లు నవ్వి పోయేవారు. దసరా వరకు మర పొద్దున తొమ్మిదికే తిరిగింది. అయినా దుకాణానికి ఎవరో వచ్చి మిద్దెమీద ప్లేట్ల సంగతి అడిగితే, "గీ పండుగ కానియ్" అని సత్తార్ పంపించాడు.

పండుగ అయింది. పత్తి ఏరడం మొదలైంది. అప్పుడు మల్లీశ్వరి ఫోన్ చేసింది. జీనత్ చేతులకు వార్నిష్ ఉండటంతో ఫోను బల్లమీద పెట్టి స్పీకరు నొక్కింది. సత్తార్ ఎదురుగానే ఉన్నాడు.

"జీనత్, మోటారు గుంజుతలేదు."

"ఎప్పటి సంది?"

"పండుగ ఎల్లినంక. తొమ్మిదికి మూలుగుతది, ఆగుతది. మూలుగుతది, ఆగుతది. పది దాటినంక లేస్తది. గప్పటికి ఎవరుంటరు? అందరు పత్తిచేన్ల ఉంటరు. పొద్దుగాల వచ్చేటోళ్లు నిలబడి నిలబడి మొగులప్ప కాడికి పోతుండ్రు. ఒకటి చెప్పు, ఇది ఇంతేనా? ఇంతే అయితే తీసుకపోండ్రి. నేను పరేషాన్ అయితున్న."

"ఒస్త" అంది జీనత్.

సత్తార్ లేచి షట్టరు సగం లాగాడు. "పద" అన్నాడు.

ఇద్దరూ ఆటో ఎక్కారు. దసరా తర్వాత ఎండ దక్షిణానికి వాలుతుంది, పొద్దున పలుచబడుతుంది. అది జీనత్‌కు తెలుసు, లెక్కలో పట్టింది కూడా. అంతకుమించి ఏదో పోతోంది. సత్తార్ బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన జేబులోంచి టెస్టరు తల బయటికి కనిపిస్తోంది. కూతురితో వచ్చినప్పుడు ఆయన పనిముట్లు తెచ్చుకోవడం అదే మొదటిసారి.

స్లాబు మీద ప్లేట్ల ముందువైపు శుభ్రంగా ఉంది. పిండి దుమ్ము లేదు, పిట్టల రెట్ట లేదు. పైగది నీడ దూరంగానే ఉంది. జీనత్ మీటరు పెట్టి ఒక్కో ప్లేటూ చూసింది. ఒక ప్లేటు చెడితే అది ఒక్కటే తక్కువ చూపించాలి. ఆరూ తక్కువే. ఆరూ ఒకేలా తక్కువ.

సత్తార్ ప్లేటు అంచుమీద అరచెయ్యి ఆనించి తీసేశాడు.

"కాగుతుంది" అన్నాడు.

ఎండలో పెట్టిన ప్లేటు కాగుతుంది, అందులో తప్పేమీ లేదు. ఆ మాట జీనత్ ఇప్పుడు చెప్పినా, తప్పించుకోవడానికి చెప్పినట్టే ఉంటుంది. కింద మల్లీశ్వరి మర దగ్గర ఎవరికో, "పది దాకా ఆగు అక్కా" అని చెప్పడం వినిపించింది. ఆ అక్క ఆగలేదు. చెప్పుల చప్పుడు వీధిలోకి పోయింది.

జీనత్ స్లాబు మీద ప్లేట్ల నీడ చూసింది. ఈ రకం ప్లేట్లు రెండు అద్దాల మధ్య ఉంటాయి. సెల్లుకు, సెల్లుకు నడుమ సందుల్లోంచి ఎండ కిందికి దిగి, స్లాబు మీద సన్నటి వెలుగు గళ్లు గీస్తుంది. బిగించినరోజు భీమమ్మ ఆ గళ్లు చూసి, ఎండతో ముగ్గు పెట్టినట్టుందని కూడా అంది. ఇవాళ గళ్లు లేవు. నీడ రేకు కింది నీడలా ముద్దగా ఉంది.

ఆమె వంగి ప్లేట్ల కిందికి చూసింది.

ఆరింటి వెనకా సున్నం. రెండు పూతలు వేసినట్టు దట్టంగా, ఎక్కడా చార తేలకుండా, గోడకు వేసినంత శ్రద్ధగా ఉంది. తీగలు కలిసే చిన్న డబ్బాల చుట్టూ జాగ్రత్తగా వదిలారు. చుట్టూ అల్యూమినియం చట్రానికి ఎర్రటి జాజుతో అంచు దిద్దారు.

సత్తార్ కూడా వంగి చూశాడు. నిలబడి నడుము పట్టుకున్నాడు.

భీమమ్మ మెట్లెక్కి వచ్చింది. "చూసినవా బిడ్డా? మంచిగొచ్చిందా?"

"ఎవరేసిండ్రు అవ్వా?"

"ఎవరేస్తరు, నేనే. మల్లీశ్వరి వంగుతదా? ఎల్లెలకల పండుకొని ఏసిన. ఊకె కడిగితె పోకుండ తుమ్మబంక గూడ కలిపిన. వానకు గూడ పోదు."

"ఎందుకేసినవ్?"

భీమమ్మ ఆమెను వింతగా చూసింది. "నువ్వే గదా చెప్పినవ్? ప్లేట్ల కింద సున్నం కొట్టుమని. ఎనకంతా సన్నగ అలికితెనే కరెంటొస్తదని."

"కింద అంటే కింద అవ్వా. స్లాబు మీద."

"స్లాబు మీద అయితే స్లాబు మీద అనాలె. గిన్నె కింద మసి ఉన్నదంటే ఏడున్నట్టు? పొయ్యిల ఉన్నట్టా?"

సత్తార్ నవ్వాడు. నవ్వు ఆపుకోవడానికి పక్కకు తిరిగి వేపచెట్టు వైపు చూశాడు.

జీనత్ నవ్వలేదు. గిన్నె కింద మసి గిన్నెకే ఉంటుంది. తన మాట తానే మనసులో మళ్లీ అని చూసుకుంది. ప్లేట్ల కింద సున్నం. భీమమ్మ విన్నదాంట్లో తప్పులేదు. ఫ్యాక్టరీలో అయితే ముందు అంటే ఎటో, వెనక అంటే ఎటో గోడమీద బొమ్మ ఉండేది. ఇక్కడ బొమ్మ లేదు, మాట ఒక్కటే. అది కూడా ఆటో హారన్ కొడుతుంటే మెట్లు దిగుతూ చెప్పిన మాట.

"అలుకు లోపలనే ఉంటది అవ్వా" అంది మెల్లగా. "సెల్లు చేసేటప్పుడే ఏస్తరు. ఈ అద్దం నుంచి వెలుగు లోపలికి పోవాలె. సున్నం అడ్డమున్నది."

భీమమ్మ కూర్చుండిపోయింది. "మొగులప్పకు ఎరికైతే ఊరంత చెప్తడు" అంది.

"మనం చెప్పకపోతే ఎట్లెరికైతది?" అన్నాడు సత్తార్. "తీసేద్దాం పా భీమక్కా."

తడిగుడ్డతో రుద్దితే సున్నం కదల్లేదు. బంక కలిపిన సున్నం. గీకితే అద్దం మీద గీతలు పడతాయని జీనత్ గీకనివ్వలేదు. భీమమ్మ కిందికి పోయి, ఇత్తడి బిందెలు తోమే చింతపండు పులుసు ఒక గిన్నెడు తెచ్చింది. పులుసు తగలగానే సున్నం బుసబుసమని నురగలు కక్కింది. ఆడవాళ్లిద్దరూ ప్లేట్ల కింద వెల్లకిలా పడుకుని, గుడ్డలు ముంచి రుద్దారు. కళ్లల్లో పడకుండా భీమమ్మ కొంగు మొహానికి కట్టుకుంది. సత్తార్ బకెట్లతో నీళ్లు అందించాడు. రుద్దినచోట మొదట మసకగా, తర్వాత తేటగా అద్దం బయటపడింది. ఒక్కో గడి చుట్టూ సందుల్లోంచి ఎండ గీత దిగి, భీమమ్మ చీరమీద పడింది.

"ఈ జాజు గూడ తీయాల్నా?" అని భీమమ్మ అడిగింది.

"ఉండనియ్. చట్రానికి కరెంటుతోని పని లేదు."

పులుసు చుక్క మిగలకుండా అద్దాలను మంచినీళ్లతో కడిగారు. మిగిలిన సున్నం కలిపి ఈసారి స్లాబుకు కొట్టారు. జీనత్ వేలితో స్లాబు చూపించి, "ఇగో, ఈడ" అంది. "కనబడుతుంది, నేనేమన్న గుడ్డిదాన్నా" అంది భీమమ్మ.

అసలు ఇబ్బంది పొద్దునది కాబట్టి, మర్నాడు తండ్రీకూతుళ్లు మొదటి ఆటోకు మళ్లీ వచ్చారు. తెల్లటి స్లాబు మీద వెలుగు గళ్లు కనిపించాయి. తొమ్మిదికి మల్లీశ్వరి స్విచ్చు వేసింది. అరుగుమీద నలుగురు ఆడవాళ్లు సంచులు పట్టుకుని నిలబడ్డారు. మోటారు మూలిగింది, పుంజుకుంది, మళ్లీ కుంగింది. జీనత్ గోడకు ఆనుకుని నిలబడింది. మూడో మూలుగుకు మర పట్టుకుంది. బెల్టు బిగిసింది, పిండి రాలడం మొదలైంది. ఒకావిడ పిండి వేళ్ల మధ్య నలిపి చూసి సంచి ముందుకు తోసింది.

రెండో సంచి నడుస్తుండగా చిన్న మబ్బు తునక అడ్డం వచ్చింది. మర నీరసపడి, మబ్బు పోయాక తేరుకుంది.

"మొగులప్ప వచ్చిపోయిండు" అంది సంచి పట్టుకున్నావిడ. అందరూ నవ్వారు.

సత్తార్ నవ్వలేదు. ఆయన మోటారు మీద చెయ్యి ఉంచి వింటున్నాడు. తర్వాత జీనత్‌ను మెట్ల దగ్గరికి రమ్మన్నాడు.

"నడుస్తుంది" అంది ఆమె.

"ఇన్న. అంచుమీద నడుస్తుంది. ఇంక చలికాలం ముందున్నది." ఆగి అడిగాడు. "ముందుపక్క నుంచి వచ్చేదానితోని నడవదా?"

"కొంచెం తక్కువ పడతది. ఎనకది కలిపితే సరిపోతది."

"అంగట్ల మిరపకాయలు తూకమేసినంక ఒక పిడికెడు పైన ఏస్తరు. దాన్ని ఏమంటరు?"

"కొసరు."

"కొసరుతోని కలిపి కిలో అంటే, గా అమ్మేటోన్ని ఏమంటరు?"

"దొంగ అంటరు" అంది.

"నేననలే. నువ్వే అన్నవ్." సత్తార్ గొంతు పెంచలేదు. "ముందుపక్కది తూకం. ఎనకది కొసరు. స్లాబు మాసిపోతది, ముసలమ్మ సున్నం కొడ్తది, ఎవరో చొప్ప కట్టలు పెడ్తరు. కొసరు వస్తే మంచిదే. రాకున్నా మర తిరగాలె. నేను మోటారు చుట్టేటప్పుడు కాలకుండ ఒక పోగు ఎక్కువనే ఏస్త."

ఆ సున్నం లేకపోయినా పుష్యంలో ఒక పొద్దున ఈ మర ఆగి ఉండేది. ఆ సంగతి జీనత్‌కు ఇప్పుడు తెలిసింది. నిన్నంతా తప్పు ఒక మాటదే అనుకుంది. తప్పు లెక్కలో కూడా ఉంది. సెల్లు గురించి ఆమె చెప్పినదేదీ అబద్ధం కాదు. చిన్న స్లాబు మీద అది చేయగలిగినదంతా చేస్తోంది. అది చేయగలిగిన దాని అంచుదాకా పోయి, అక్కడ మర పెట్టింది తానే.

"ఔ అబ్బా" అంది.

"మరి?"

జీనత్ వీధిలోకి దిగి గిర్ని ముందు నిలబడి పైకి చూసింది. ఆడవాళ్లు నిలబడేచోట ఎండ నేరుగా పడుతోంది. సంచిలోంచి టేపు తీసి, గడప నుంచి అరుగు చివరిదాకా కొలిచింది. మల్లీశ్వరి మర వదిలి బయటికి వచ్చింది.

"ఈడ చూరులెక్క ఒక ప్లేటు పెడ్త" అంది జీనత్. "పైన ఉన్నయి ఎట్ల వాలినయో గట్లనే వాలుస్త. నిలబడేటోళ్లకు నీడ గూడ అయితది."

"ఏడోది పట్టదంటివి గద?"

"స్లాబు మీద పట్టదన్న. స్లాబు మీద అంటే స్లాబు మీదనే."

గడపలో కూర్చున్న భీమమ్మ ఆ మాట విని, "నేర్చుకున్నది" అంది ఎవరితోనో అన్నట్టు.

సత్తార్ అరుగు కింది నేల చూశాడు. బండలు పిండి రాలి తెల్లగా ఉన్నాయి. "దీని ఎనక గూడ మస్తు వెలుగొస్తది" అన్నాడు, కూతురి మొహం చూస్తూ.

"ఒస్తది. లెక్కల పట్టలే."

ఏడో ప్లేటు అంజద్ తీరిక చూసుకుని వచ్చి వెల్డింగ్ చేసిన రోజున ఎక్కింది. ఆ వారం చలి మొదలైనా మర ఒక్క మూలుగుకే పట్టుకుంది. మొగులప్ప దగ్గరికి పోయినవాళ్లలో సగం మంది తిరిగి వచ్చారని, మిగతావాళ్లకు ఆయన ముచ్చట్లు అలవాటయ్యాయని మల్లీశ్వరి ఫోనులో చెప్పింది. సున్నం సంగతి మొగులప్పకు ఎవరూ చెప్పలేదు. అయినా ఆయనకు తెలిసింది. ఆయన ఇప్పుడు భీమమ్మ కనబడితే, "ప్లేట్లకు ముగ్గెప్పుడు పెడ్తవ్ అక్కా" అని అడుగుతాడు. "నీ డీజిల్ టాంకీకి పెట్టినంక" అంటుంది భీమమ్మ.

తర్వాత ఒక ఉదయం జీనత్ దుకాణానికి వచ్చేసరికి కౌంటరు మీద ఆమె టేపు, మీటరు, సామాను సంచి బయటపెట్టి ఉన్నాయి. సత్తార్ ఆమెకంటే ముందే వచ్చి షట్టరు తీశాడు. ఎవరిదో బోరు మోటారు విప్పి ఉంది.

"కంగ్టిల ఒక ఇల్లున్నది" అన్నాడు తల ఎత్తకుండా. "పండుగప్పుడు వచ్చి అడిగిపోయిండు చూడు, ఆయనదే. స్లాబు చిన్నదట. పోయి చూసి రా."

జీనత్ సంచి అందుకుంది. మీటరు అందులో పెట్టింది.

"నువ్వు రావా?"

సత్తార్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, కుర్చీని కౌంటరు వెనక్కి లాక్కుని అందులో కూర్చున్నాడు.

"దుకాణంల ఎవరు కూసుంటరు?" అన్నాడు.